మింగాకే మార్కులు: స్ట్రాంగ్ ఐపీఏను రుచి చూడటం గురించి

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

మీ ముందు మూడు గ్లాసులున్నాయి. అడుగున 1, 2, 3 అని చీటీలు అంటించాం. ఇంకా ఎవరూ నోట పెట్టకండి. ఒక్కో గ్లాసులో 60 మిల్లీలీటర్లే పోశాం, పిసినారితనం అనుకోవద్దు. ఇది 8 శాతం ఆల్కహాల్ ఉన్న బీరు. 330 మిల్లీలీటర్ల క్యాను ఒకటి తాగితే ఇంచుమించు 21 గ్రాముల ఆల్కహాల్ లోపలికి వెళ్తుంది. అదే క్యానులో 5 శాతం బీరు ఉంటే 13 గ్రాములు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, అక్కడే చాలామంది దెబ్బతింటారు. పైగా రుచి చూసే పనిలో ఉన్నవాడికి మత్తెక్కితే ముందు పోయేది వాడి తీర్పే. రెండో గ్లాసు కల్లా అన్నీ బ్రహ్మాండంగానే ఉంటాయి. (నవ్వులు) పక్కన ఖాళీ కప్పులు పెట్టాం, ఉమ్మేయాలనుకున్నవాళ్లు మొహమాటపడకండి. బండి నడిపేవాళ్లు మాత్రం తప్పకుండా ఉమ్మేయండి. మింగాక నోట్లో మిగిలే రుచి మీకు కాస్త తక్కువ తెలుస్తుంది, పర్వాలేదు.

ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్, హాప్స్ అనే పువ్వులు దండిగా వేసి చేసే చేదు బీరు. అందులో ఈ రకాన్ని డబుల్ ఐపీఏ అంటారు. ఇంపీరియల్ ఐపీఏ అన్నా ఇదే. మామూలు ఐపీఏ కన్నా మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, ఎక్కువ. హాప్స్ ఇంకా ఎక్కువ. ఆల్కహాల్ 7.5 నుంచి 10 శాతం దాకా ఉండొచ్చని బీరు పోటీల జడ్జీల మార్గదర్శకాలు చెబుతాయి. దీని పుట్టుక గురించి ఒక్క సంగతి చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే ఇవాళ నేను మాట్లాడేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. 1994లో కాలిఫోర్నియాలోని టెమెక్యులాలో, బ్లైండ్ పిగ్ అనే చిన్న బ్రూవరీలో విన్నీ సిలుర్జో మొదటి బ్యాచ్ కాయడానికి సిద్ధమయ్యారు. సామాన్లు పాతవి, మోటువి. వాటివల్ల బీరులో ఏదైనా తేడా రుచి వచ్చినా పైకి తెలియకూడదని ఆయన హాప్స్ రెట్టింపు వేశారు, మాల్ట్ కూడా పెంచారు. ఇది ఎవరో గిట్టనివాళ్లు అన్న మాట కాదు, ఆయనే నవ్వుతూ ఒప్పుకున్న సంగతి. తర్వాత అదే మనిషి రష్యన్ రివర్ బ్రూవరీలో ప్లైనీ ది ఎల్డర్ అనే 8 శాతం బీరు చేశారు. ఈ రకానికి చాలామంది ఇప్పటికీ కొలబద్దగా పెట్టుకునే బీరు అది. అందులో దాచాల్సింది ఏమీ లేదు.

అంటే ఈ రకం బీరు మొదలైందే లోపాల్ని కప్పిపుచ్చే ఉపాయంగా. ఆ గుణం దానికి ఇంకా పోలేదు. గ్లాసు ముక్కు దగ్గరికి తేగానే గుప్పుమనే వాసన రప్పించడం ఇప్పుడు పెద్ద విద్యేమీ కాదు, మంచి హాప్స్ కొని దండిగా వేస్తే వస్తుంది. మింగిన తర్వాత అర నిమిషం పాటు నోట్లో ఏం ఉంటుందన్నది మాత్రం కొనుక్కుంటే రాదు. అందుకే నేను ఈ బీరుకి మార్కులు మింగాకే వేస్తాను.

సరే, 1వ గ్లాసు తీసుకోండి. అరచేతిలో పట్టుకోండి, అలాగే ఉంచండి. ఫ్రిజ్‌లోంచి తీసిన బీరు 4 డిగ్రీలుంటుంది. ఆ చలికి నాలుక సగం మొద్దుబారుతుంది, వాసన పైకి లేవదు. ఈ బీరుకి 8 నుంచి 12 డిగ్రీలు బాగుంటుంది. కొందరు బ్రూవర్లు బీరు చల్లగా ఉండగానే తాగేయమంటారు. ఆ బీరు గురించి నాకు అప్పుడే కొంత అనుమానం వస్తుంది.

గ్లాసు సంగతి కూడా చెప్పేస్తాను. పైన కాస్త ముడుచుకుని, మధ్యలో పొట్ట ఉన్న ట్యులిప్ గ్లాసు మంచిది, వాసన లోపలే నిలుస్తుంది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన ఆల్కెమిస్ట్ బ్రూవరీ తన హెడీ టాపర్ క్యాను మీద ‘క్యానులోంచే తాగండి’ అని అచ్చు వేసింది. గ్లాసులో పోస్తే హాప్స్ వాసన గాలిలో కలిసిపోతుందని వాళ్ల వాదన. తాగడానికి ఆ సలహా బాగానే ఉంటుంది. బీరును అంచనా వేయాలంటే మాత్రం నేను ఒప్పుకోను. క్యానుకున్న ఆ చిన్న కంతలోంచి ముక్కుకి ఏం అందుతుంది?

ఇప్పుడు కంటితో చూడండి. దీనికి ఎక్కువ సేపు అక్కర్లేదు. బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ అని 1985 నుంచి నడుస్తున్న సంస్థ ఉంది, బీజేసీపీ అంటాం. వాళ్ల మార్కుల కాగితంలో మొత్తం 50 అయితే చూపుకి 3 మాత్రమే. వాసనకి 12, రుచికి 20, నోటికి తగిలే తీరుకి 5, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10. రంగు బంగారు పసుపు నుంచి లేత రాగి దాకా ఏదైనా సరే. మసకగా ఉంటే తప్పేమీ కాదు. మసక ఐపీఏలకి అమెరికా బ్రూవర్స్ అసోసియేషన్ 2018లో విడిగా ఒక తరగతే ఇచ్చింది. కాకపోతే మసక బీరు బూడిద రంగులోకో, ఊదా రంగు కలిసిన గోధుమ రంగులోకో తిరిగితే లోపలికి గాలి చేరిందని అర్థం. అది రుచి చూడక ముందే తెలిసిపోతుంది.

నురగ మీద మాత్రం ఒక్క నిమిషం ఆగుదాం. గ్లాసు కొంచెం వంచి, నిటారుగా పెట్టండి. గోడ మీద తెల్లగా జాలీలాగా అంటుకుని ఉందా? హాప్స్‌లోని చేదు పదార్థాలు మాల్ట్ ప్రొటీన్లతో కలిసి నురగని గట్టిపరుస్తాయి. అందుకే హాప్స్ బాగా పడ్డ బీరు నురగ గోడని వదలదు. నురగ చప్పున చచ్చిపోయిందంటే ముందు గ్లాసుని అనుమానించండి. జిడ్డు, లిప్‌స్టిక్ రెండూ నురగకి శత్రువులే. బీరులో మునిగి ఉన్న గోడ మీద బుడగలు గుంపులుగా పట్టుకుని ఉన్నాయా? అయితే ఆ గ్లాసు సరిగ్గా కడగలేదు. తప్పు గ్లాసుదైతే శిక్ష బీరుకి వేయకూడదు కదా.

ఇక వాసన. నెమ్మదిగా రెండు మూడు చిన్న పీల్పులు, అంతే. గట్టిగా లాగితే ముక్కు త్వరగా అలిసిపోతుంది. మొదటి పీల్పుకి తోచిన మాట వెంటనే కాగితం మీద పెట్టండి. ఎవరూ పైకి చెప్పొద్దు! పక్కవాడు మామిడిపండు అన్నాడంటే ఇక మీ గ్లాసులోనూ మామిడిపండే వస్తుంది, ఎంత వద్దనుకున్నా. జడ్జీలు అందరూ రాయడం అయ్యేదాకా నోరు విప్పకపోవడం అందుకే.

ఇప్పుడు చెప్పండి. నారింజ తొక్క? బాగుంది. పైన్ చెట్టు జిగురు? అవును, ఉంది. ఆ చివరన తమ్ముడు మెల్లగా ఏదో అంటున్నాడు... పిల్లి? (నవ్వులు) నవ్వకండి, ఆయన సరిగ్గా పట్టుకున్నాడు. కొన్ని హాప్స్‌లో థయోల్స్ అనే గంధకపు పదార్థాలుంటాయి. లీటరులో గ్రాములో వందకోట్లో వంతు మోతాదులో ఉన్నా మన ముక్కు వాటిని పసిగడుతుంది. వాటిలో ఒకటి కొంచెంగా ఉంటే బ్లాక్‌కరెంట్ పండులా ఉంటుంది, ఎక్కువైతే పిల్లి మూత్రంలా ఉంటుంది. సిట్రా, సిమ్కో లాంటి హాప్స్‌లో ఇది మామూలే. కాబట్టి అది లోపమా కాదా అన్నది ఎంత ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. నా వరకు, పండు వెనకాల లీలగా తగిలితే బీరుకి ఒక లోతు ఇస్తుంది. ముందు అదే తగిలితే మార్కులు తగ్గిస్తాను. ఉల్లి, వెల్లుల్లి వాసన కూడా అంతే. హాప్ పువ్వుల్ని కోత ఆలస్యం చేసి కోస్తే ఆ వాసన ఎక్కువవుతుంది. కొందరు తాగేవాళ్లకి అది ఇష్టం కూడా. నాకు కాదు.

హాప్ పేరు కనిపెట్టాలని తంటాలు పడకండి. 1972లో విడుదలైన క్యాస్కేడ్ నుంచి ఇప్పటిదాకా బోలెడన్ని రకాలొచ్చాయి. ఒకే రకం కూడా పొలాన్ని బట్టి, కోసిన రోజుని బట్టి మారుతుంది. పేరు చెప్పి మార్కులు కొట్టేయాలనుకునే జడ్జీ ఎక్కువగా తప్పే చెబుతాడు. పుల్లటి పండ్లా, తియ్యటి పండ్లా, చెట్టు జిగురా, పువ్వులా, పచ్చిగడ్డా? అంతవరకు చెప్పగలిగితే చాలు.

ఒకసారి మీ చొక్కా చేతిని వాసన చూడండి. నిజంగానే చెబుతున్నాను. మీ వాసనకి మీ ముక్కు ఎప్పుడో అలవాటుపడిపోయింది కాబట్టి అక్కడ దానికి విశ్రాంతి దొరుకుతుంది. ఇవాళ సెంటు కొట్టుకొచ్చినవాళ్లకి ఈ సౌకర్యం లేదు, వాళ్ల పక్కన కూర్చున్నవాళ్లకి అసలే లేదు. ఇప్పుడు మళ్లీ గ్లాసు తీసుకుని, హాప్స్‌ని పక్కకి నెట్టి, వెనక ఏముందో వెతకండి. బ్రెడ్ అంచులాంటి లేత మాల్ట్ వాసన ఉండాలి. కారమెల్ గట్టిగా తగిలితే క్రిస్టల్ మాల్ట్ ఎక్కువ వేశారని అర్థం. నెయిల్ పాలిష్ తీసే ద్రావణం లాంటి వాసన వస్తే బీరుని పులియబెట్టే ఈస్ట్ ఎక్కువ వేడిలో, ఒత్తిడిలో పని చేసిందని అర్థం. పచ్చి ఆపిల్ వాసన వస్తే పులియడం పూర్తికాక ముందే తీసేసి ఉండొచ్చు.

ఇక నోట పెట్టండి. చిన్న గుక్క. నాలుక అంతా పరుచుకోనివ్వండి. నాలుక కొసన తీపి, వెనకాల చేదు అని పాత పుస్తకాల్లో ఒక బొమ్మ ఉండేది, దాన్ని మరిచిపోండి. చేదు నాలుక అంతటా తెలుస్తుంది. కాకపోతే తీపి వెంటనే వచ్చి వెంటనే పోతుంది, చేదు ఆలస్యంగా వచ్చి కదలకుండా కూర్చుంటుంది. ఇప్పుడు మింగి, నోరు మూసి, గాలిని ముక్కులోంచి వదలండి. ఆ వదిలిన గాలిలో వచ్చేదే అసలు రుచి. నమ్మకం లేకపోతే రెండో గుక్క ముక్కు మూసుకుని తాగండి. తీపి, చేదు తప్ప ఇంకేమీ తెలియదు. ముక్కు వదలగానే నారింజ, పైన్ అన్నీ ఒక్కసారి వచ్చేస్తాయి.

ఇప్పుడు ఎవరూ మాట్లాడకండి. అర నిమిషం ఆగుదాం. నోట్లో ఏం జరుగుతోందో గమనించండి.

(విరామం)

చేదు పెరిగిందా? పెరిగి ఉంటుంది. పైకి ఎక్కి, అక్కడ కాసేపు నిలిచి, శుభ్రంగా దిగిపోయింది. నోరు ఆరినట్టుంది, ఇంకో గుక్క కావాలనిపిస్తోంది. మంచి డబుల్ ఐపీఏ చేసే పని ఇదే. చేదు గట్టిగా ఉండటం వేరు, మొరటుగా ఉండటం వేరు. మొరటు చేదు అంటే, మాత్రని మింగలేక నాలుక మీదే కరిగించుకున్నట్టు ఉంటుంది. నీళ్లు తాగినా పోదు.

ఇక్కడ ఐబీయూ గురించి అడుగుతారని తెలుసు. ఇంటర్నేషనల్ బిట్టర్‌నెస్ యూనిట్, అంటే చేదుని కొలిచే అంకె. హాప్స్‌ని మరిగించినప్పుడు అందులోని ఆల్ఫా ఆమ్లాలు రూపం మార్చుకుని బీరులో కరుగుతాయి. అవి లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములున్నాయో ఇంచుమించుగా ఐబీయూ చెబుతుంది. ఈ రకానికి 60 నుంచి 100 అని రాసుకున్నారు. కానీ 90 ఐబీయూ ఉన్న తియ్యటి బీరు, 65 ఉన్న పొడి బీరు, అంటే తీపి మిగలని బీరు, కన్నా మెత్తగా అనిపించొచ్చు. నీళ్లలో సల్ఫేట్ ఎక్కువుంటే చేదు పదునెక్కుతుంది, క్లోరైడ్ ఎక్కువుంటే గుండ్రంగా, నిండుగా ఉంటుంది. లేబుల్ మీద పెద్ద అంకె వేసుకునే బ్రూవరీలు ఒకప్పుడు చాలా ఉండేవి. ఆ పోటీ తగ్గింది, మంచిదే అయింది.

ఈ బీరు చేయడంలో అసలు కష్టం తీపిని దించడం. ఆల్కహాల్ 8 శాతం దాటాలంటే మాల్ట్ బాగా పోయాలి. మాల్ట్ ఎక్కువైతే ఈస్ట్ తినలేని చక్కెరలు మిగిలిపోతాయి, బీరు పెదాలకి అంటుకుంటుంది. దాని మీద హాప్స్ ఎన్ని వేసినా తియ్యటి మందులా ఉంటుంది. అందుకని తెలిసిన బ్రూవర్లు మాల్ట్ కొంత తగ్గించి ఆ మేరకి మామూలు చక్కెరే వేస్తారు. ఈస్ట్ దాన్ని పూర్తిగా తినేస్తుంది, ఆల్కహాల్ మిగులుతుంది, తీపి మిగలదు. చక్కెర వేయడం అంటే కల్తీ అని కొందరు మూతి తిప్పుతారు. ఈ బీరు విషయంలో అది కల్తీ కాదు, లెక్క.

ఆల్కహాల్ కూడా మింగాకే బయటపడుతుంది. మింగిన రెండు మూడు సెకన్లకి ఛాతీలో మెల్లగా వెచ్చదనం వస్తే బాగున్నట్టు. గొంతు దగ్గరే చురుక్కుమంటే పులిసేటప్పుడు వేడి ఎక్కువైందని, బరువైన ఆల్కహాల్స్ తయారయ్యాయని అనుమానించాలి. దాన్ని హాప్స్ కప్పలేవు.

(సభలోంచి ప్రశ్న: ఈమధ్య తాజా మసక ఐపీఏ తాగితే గొంతులో గీరుకున్నట్టు మండింది. అదీ ఆల్కహాలేనా?)

మంచి ప్రశ్న. చాలావరకు కాదు. దాన్ని హాప్ బర్న్ అంటారు. పులియడం అయ్యాక, లేదా అవుతుండగా, మరిగించకుండా వేసే హాప్స్ ఉంటాయి కదా, డ్రై హాపింగ్. అది మరీ ఎక్కువ చేస్తే హాప్స్ నలుసులు, వగరు పదార్థాలు బీరులో తేలుతూ ఉండిపోతాయి. అవి గొంతుని గీరుతాయి. అలాంటి బీరుని చల్లగా కొన్నాళ్లు కదపకుండా ఉంచితే నలుసులు కిందికి దిగి మంట తగ్గుతుంది. ఐపీఏ ఎంత తాజాగా ఉంటే అంత మంచిదనే మాటకి ఇది ఒక మినహాయింపు. డ్రై హాపింగ్‌తో ఇంకో తిప్పలుంది. హాప్స్‌లోని ఎంజైములు మిగిలిపోయిన చక్కెరల్ని విరగ్గొడితే ఈస్ట్ మళ్లీ లేచి పని మొదలుపెడుతుంది. ఆ పని మధ్యలో ఆగిపోతే వెన్న వాసన, నాలుక మీద నూనె పూసినట్టు జారుడు మిగులుతాయి. అది డయాసిటైల్. గ్లాసు వేడెక్కేకొద్దీ బాగా తెలుస్తుంది. మీ 1వ గ్లాసుని ఇందాకటి నుంచి అరచేతిలో ఎందుకు పట్టుకోమన్నానో ఇప్పుడు అర్థమైందా? చివరి గుక్క దానికోసం దాచుకోండి.

2వ గ్లాసు తీసుకోండి. ముందు వాసన.

తేనె అంటున్నారు. తడిసిన అట్టపెట్టె. పండు ఎక్కడా లేదంటున్నారు. ఇదేం బీరో చెప్పనా? 1వ గ్లాసులోదే. అదే బ్యాచ్, అదే రోజు మూత పడిన క్యాను. దాన్ని ఫ్రిజ్‌లో ఉంచాం, దీన్ని మూడు నెలలు బయట వేడిలో ఉంచాం. అంతే తేడా. క్యానులో మిగిలిన కొద్దిపాటి ఆక్సిజన్, పైన వేడి కలిసి చేసిన పని ఇది. హాప్స్ వాసన ముందు పోతుంది, అట్ట వాసనకి ట్రాన్స్-2-నోనెనాల్ అనే పదార్థం కారణం. ఇప్పుడు మింగి చూడండి. చేదు ఉంది, కానీ ఒంటరిగా ఉంది. దానికి తోడుగా ఉండాల్సిన పండు లేదు, తీపి మాత్రం ముందుకొచ్చింది. ఈ బీరుని ఇలా తాగి ‘ఐపీఏ నాకు పడదు’ అని తీర్మానించుకున్నవాళ్లు ఎంతమందో. కొనేటప్పుడు క్యాను అడుగున చూడండి. ఎప్పటిలోగా తాగాలన్న తేదీ కన్నా, ఎప్పుడు నింపారన్న తేదీ ముఖ్యం. ఏడాది గడువు వేసిన డబుల్ ఐపీఏ క్యాను మీద ఆ గడువుకి అర్థం లేదు.

3వ గ్లాసుకి ఎక్కువ సేపు అక్కర్లేదు. వాసన చూసి దింపేయండి. స్కంక్ అనే జంతువు వదిలే కంపు, రబ్బరు కాలిన కంపు, ఎవరికి ఏది తోస్తే అది. ఇదీ అదే బ్యాచ్, ఫ్రిజ్‌లో ఉన్నదే. గాజు గ్లాసులో పోసి ఎండలో పెట్టాం. వెలుతురు తగిలితే హాప్స్ చేదు పదార్థాలు విరిగి ఈ కంపు పుడుతుంది, నిమిషాల్లో. గోధుమ రంగు సీసా చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చ సీసా అంతగా ఆపదు, తెల్ల సీసా అసలు ఆపదు. క్యానులోకి వెలుతురు వెళ్లే దారే లేదు. ఆరుబయట ఎండలో కూర్చుని ఐపీఏ తాగేవాళ్లు గ్లాసుని నీడలో పెట్టుకోండి.

ఇక కాగితం మీదికి వద్దాం. ముందు మాటలు రాయండి, అంకె తర్వాత. అంకె ముందే మనసులో పెట్టుకుంటే దానికి సరిపడే మాటలే వెతుకుతారు. ‘బాగుంది’, ‘బ్యాలెన్స్ ఉంది’ లాంటివి రాయకండి, బ్రూవర్‌కి వాటితో ఏం ఉపయోగం? ‘చేదు పదిహేను సెకన్లలో శుభ్రంగా దిగింది, చివర కొంచెం తీపి పెదాలకి అంటింది’ అంటే పనికొస్తుంది. ఇరవై రకాల పండ్ల పేర్లు రాసే జడ్జీలున్నారు. ఆ కాగితాలు చదివితే బీరు గురించి కన్నా ఆ జడ్జీ గురించి ఎక్కువ తెలుస్తుంది. బీజేసీపీ లెక్కలో 38 నుంచి 44 వస్తే ఎక్సలెంట్, 45, ఆపైన వస్తే అంతకు మించింది లేదని. 1వ గ్లాసుకి నేను 41 వేశాను. పొడిగా ముగిసింది, ఆల్కహాల్ దాగింది. కానీ వేడెక్కాక కారమెల్ కాస్త ఎక్కువగా తేలింది, అక్కడ కొన్ని మార్కులు పోయాయి.

(సభలోంచి ప్రశ్న: మీకు వ్యక్తిగతంగా నచ్చని బీరుకి కూడా ఎక్కువ మార్కులు వేస్తారా?)

వేయాలి. తియ్యగా, మందంగా, పండ్లరసంలా ఉండే మసక డబుల్ ఐపీఏలు నాకు అంతగా పడవు. కానీ ఆ తరగతికి మెత్తదనం ఉండాల్సిందే. అందులో కూడా మింగాక గొంతు గీరకుండా, నాలుక జిడ్డవకుండా ముగించినవాడు గట్టి బ్రూవరే. ఇంటికి తీసుకెళ్తారా అంటే తీసుకెళ్లను. మార్కులు మాత్రం ఇస్తాను.

(సభలోంచి ప్రశ్న: ఆల్కహాల్ ఎక్కువ కాబట్టి దీన్ని ఏళ్ల తరబడి దాచుకోవచ్చా?)

దాచుకోవద్దమ్మా. ఆల్కహాల్ ఎక్కువున్న బీర్లలో బార్లీవైన్, ఇంపీరియల్ స్టౌట్ లాంటివి కొన్నేళ్లు ఉంచితే కొత్త రుచులు తెచ్చుకుంటాయి, ఎందుకంటే వాటి బలం మాల్ట్‌లో ఉంది. దీని బలం హాప్స్ వాసనలో ఉంది, అది రోజురోజుకీ తరుగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టుకుని, నింపిన తేదీ నుంచి రెండు మూడు నెలల్లోపు తాగేయండి. దాచి ఉంచితే ఏమవుతుందో కావాలంటే ఆ 2వ గ్లాసులో ఇంకా కొంచెం మిగిలి ఉంది, మళ్లీ ఒకసారి వాసన చూడండి.